పర్యవేక్షణకు వెల కట్టిన బేరం: ఆస్టిన్ నగరం, పోలీసు యూనియన్ ఒప్పందం

2024 అక్టోబరు 24న టెక్సస్ రాజధాని ఆస్టిన్‌లో నగర కౌన్సిల్ గంటల తరబడి జనం మాటలు విని, చివరికి పోలీసు యూనియన్‌తో అయిదేళ్ళ ఒప్పందాన్ని ఆమోదించింది. పది మంది అటు, ఒక్కరు ఇటు. అయిదేళ్ళలో నగరం మీద పడే అదనపు ఖర్చు సుమారు 21.8 కోట్ల డాలర్లు. మూల వేతనం మొదటి ఏడాది 8 శాతం, ఆ తర్వాత వరసగా 6, 5, 5, 4 శాతం పెరుగుతుంది.

మర్నాడు వార్తల్లో ఈ అంకెలే ముందు వరసలో నిలిచాయి. కౌన్సిల్ ముందుకొచ్చి మాట్లాడిన వాళ్ళలో చాలామంది పట్టు మాత్రం జీతాల మీద కాదు. తప్పు చేసిన పోలీసు మీద వచ్చిన ఫిర్యాదు ఏ ఫైల్లోకి వెళ్తుంది, ఆ ఫైలు ఎవరు చూడొచ్చు, విచారణకు ఎన్ని రోజుల గడువు ఉంటుంది అన్నవే వాళ్ళ ప్రశ్నలు. జీతాల ఒప్పందంలోకి ఈ ప్రశ్నలు ఎందుకు వచ్చాయన్నది అర్థమైతే తప్ప ఆస్టిన్‌లో గత ఏడెనిమిదేళ్ళుగా నడిచిన గొడవ అర్థం కాదు. అమెరికాలోని చాలా నగరాల్లో ఇలాంటి గొడవే ఏదో ఒక రూపంలో నడుస్తోంది. ఆస్టిన్‌లో అది బాహాటంగా, అందరి కళ్ళ ముందు జరిగింది కాబట్టి అక్కడ చూడటం తేలిక.

టెక్సస్‌లో ప్రభుత్వోద్యోగుల సమ్మెను, సామూహిక బేరసారాలను 1947లోనే చట్టం నిషేధించింది. 1973లో అగ్నిమాపక సిబ్బందికి, పోలీసులకు ఒక మినహాయింపు వచ్చింది. నగర ఓటర్లు ఒప్పుకుంటే వాళ్ళ సంఘాలు నగరంతో బేరమాడవచ్చు. సమ్మె హక్కు మాత్రం అప్పుడూ రాలేదు, ఇప్పుడూ లేదు. అమెరికాలో పోలీసు సమ్మె అనగానే అందరికీ గుర్తొచ్చేది 1919 సెప్టెంబరులో బోస్టన్‌లో జరిగిందే. యూనియన్ పెట్టుకునే హక్కు కోసం అక్కడ సుమారు 1,100 మంది పోలీసులు విధులు మానేశారు. వాళ్ళెవ్వరినీ తిరిగి పనిలోకి తీసుకోలేదు. ఆ తర్వాత దశాబ్దాల పాటు అమెరికా పోలీసులకు బేరమాడే బల్ల దగ్గర చోటు దొరకలేదు.

ఆస్టిన్ పోలీసులు 1973 నాటి చట్టం కింద కాక, ‘మీట్ అండ్ కన్ఫర్’ అనే మరో పద్ధతిలో మాట్లాడుకుంటారు. ఇందులో నగరం కూర్చుని మాట్లాడవచ్చు, మాట్లాడకపోవచ్చు. ఒప్పందం కుదరకపోతే మధ్యవర్తి వచ్చి తీర్పు చెప్పడు. అదే నగరంలోని అగ్నిమాపక సిబ్బందికి 2021లో ఓటర్లు మధ్యవర్తిత్వ హక్కు ఇచ్చారు. పోలీసులకు అది లేదు. చూడబోతే యూనియన్ చేతిలో బలమైన ఆయుధమేదీ లేనట్టు కనిపిస్తుంది.

ఆయుధం చట్టంలోనే ఉంది. ఆస్టిన్ లాంటి నగరాల్లో పోలీసుల నియామకం, పదోన్నతి, క్రమశిక్షణ అన్నీ రాష్ట్ర స్థానిక పాలనా చట్టంలోని 143వ అధ్యాయం ప్రకారం జరగాలి. ఆ అధ్యాయం ప్రకారం పదోన్నతికి రాతపరీక్ష మార్కులే ప్రధానం. సంఘటన జరిగి 180 రోజులు దాటితే సాధారణంగా ఆ పోలీసును సస్పెండ్ చేసే వీలుండదు. ఉద్యోగం పోయిన పోలీసు బయటి విచారణాధికారి దగ్గరికి అప్పీలుకు వెళ్ళొచ్చు, ఆయన మాటే దాదాపు చివరి మాట. ఇక అందరి నోళ్ళలో నానిన ‘జీ ఫైలు’ ఆ చట్టంలోని 143.089(జీ) నుంచే వచ్చింది. శిక్ష దాకా వెళ్ళని ఫిర్యాదులు, ఆరోపణలు, వాటి మీద జరిగిన విచారణ కాగితాలు పోలీసు శాఖ తన సొంత వాడకానికి విడిగా ఒక ఫైల్లో పెట్టుకోవచ్చు. ఆ ఫైల్లోది బయటి వాళ్ళెవరికీ ఇవ్వకూడదు.

ఈ నిబంధనలను పక్కన పెట్టడానికి చట్టం ఒక్కటే దారి చూపింది. నగరం, యూనియన్ కలిసి సంతకం చేసిన ఒప్పందంలో వేరే మాట రాసుకుంటే ఆ మాటే చెల్లుతుంది. ఇక్కడే తూకం తేడా వస్తుంది. పోలీసులకు జీతం పెంచాలంటే నగరానికి ఒప్పందం అవసరం లేదు, కౌన్సిల్ ఆర్డినెన్సు, అంటే కౌన్సిల్ చేసే నగర చట్టం, చాలు. పౌర పర్యవేక్షకులకు ఫైళ్ళు చూపించాలంటే, 180 రోజుల గడువు మార్చాలంటే, పదోన్నతుల్లో మార్కులతో పాటు మరో కొలమానం పెట్టాలంటే యూనియన్ ఒప్పుకోవాలి. ఊరికే ఎవరూ ఒప్పుకోరు. అలా పోలీసుల మీద జనం కన్ను వేసి ఉంచే హక్కు, అదే పోలీసుల యూనియన్ దగ్గర నగరం డబ్బు పెట్టి కొనుక్కోవలసిన సరుకైంది. 2001 ఒప్పందంలో ‘పోలీస్ మానిటర్’ కార్యాలయం, పౌర సమీక్షా సంఘం ఏర్పడింది ఇలాంటి కొనుగోలుతోనే. ఆ తర్వాత వచ్చిన ప్రతి ఒప్పందమూ అదే దారిన నడిచింది. జీతం కొంచెం పెరిగేది, పర్యవేక్షణ కొంచెం మిగిలేది.

ఈ ఏర్పాటు మొదటి నుంచీ తప్పు. పోలీసులు తమ జీతం కోసం, పనిగంటల కోసం, సెలవుల కోసం బేరమాడటం న్యాయమే. రాత్రింబవళ్ళు ప్రాణాలకు తెగించి పనిచేసే ఉద్యోగికి తన కష్టానికి తగిన కూలి అడిగే హక్కు ఉండాలి. కానీ తుపాకీ, బేడీలు ప్రజలే ఇచ్చారు. వాటిని ఎలా వాడారో తెలుసుకునే హక్కు కూడా ప్రజలదే. అది ఉద్యోగి సేవా నిబంధనల్లో భాగం కాదు, ఉద్యోగి దగ్గర కొనవలసిన వస్తువు అసలే కాదు.

2017: బల్ల దగ్గర కూర్చున్న మూడో పక్షం

సంప్రదింపులు బహిరంగంగా జరగడం ఆస్టిన్‌లో కలిసొచ్చిన విషయం. ఎవరైనా వెళ్ళి గదిలో వెనక కుర్చీల్లో కూర్చోవచ్చు. చాలా ఏళ్ళు ఆ కుర్చీలు ఖాళీగానే ఉండేవి. 2017లో ఆస్టిన్ జస్టిస్ కొయలిషన్ లాంటి సంఘాల కార్యకర్తలు నెలల తరబడి అక్కడ కూర్చుని నోట్సు రాసుకున్నారు. ఒప్పందం ముసాయిదాను వాక్యం వాక్యంగా చదివారు. జీతాల పట్టిక మీద కాకుండా క్రమశిక్షణ అధ్యాయాల మీద దృష్టి పెట్టి, ఇంత డబ్బు పోసి మనం కొంటున్నదేమిటని కౌన్సిల్ సభ్యుల్ని ఒక్కొక్కర్నీ కలిసి అడిగారు.

ఆ ఏడాది తయారైన అయిదేళ్ళ ఒప్పందం ఖర్చు సుమారు 8.25 కోట్ల డాలర్లు. 2017 డిసెంబరు 13న అది కౌన్సిల్ ముందుకు వచ్చింది. రాత్రి పొద్దుపోయే దాకా జనం మాట్లాడారు. చివరికి కౌన్సిల్ ఏకగ్రీవంగా దాన్ని వెనక్కి పంపింది. నగరం తరఫున బేరమాడిన అధికారులు, యూనియన్ నాయకులు చేతులు కలిపి తెచ్చిన ఒప్పందాన్ని కౌన్సిల్ తిప్పికొడుతుందని ఎవరూ అనుకోలేదు. అప్పటిదాకా ఆ ఓటు లాంఛనం.

యూనియన్ గడువు పొడిగింపుకు ఒప్పుకోలేదు. డిసెంబరు ఆఖరుకు పాత ఒప్పందం ముగిసింది. దాంతో పాటు పోలీసులకు కొన్ని ప్రత్యేక భత్యాలు, జనానికి పౌర సమీక్షా సంఘం పోయాయి. రెండు పక్షాలూ నష్టపోయిన ఆ పదకొండు నెలల్లో బేరం మళ్ళీ మొదలై 2018 నవంబరు 15న నాలుగేళ్ళ ఒప్పందం కుదిరింది. ఖర్చు సుమారు 4.46 కోట్ల డాలర్లు. కాలం ఒక ఏడాది తక్కువైనా, ఖర్చు దాదాపు సగానికి వచ్చింది. అందుకు బదులుగా దొరికింది మాత్రం తగ్గలేదు, పెరిగింది. పోలీస్ ఓవర్‌సైట్ కార్యాలయం ఏర్పడింది. పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే వీలు వచ్చింది. అంతకు ముందు ఫిర్యాదు చేయాలంటే ప్రమాణపత్రం మీద సంతకం పెట్టాలి. పోలీసు మీదే ఫిర్యాదు చేసే మనిషికి, అందునా వలస వచ్చిన మనిషికి, అది ఎంత పెద్ద అడ్డంకో వేరే చెప్పనక్కర్లేదు.

దేశంలోని పోలీసు సంస్కరణల సంఘాలు అప్పట్లో ఆస్టిన్ వైపు ఆశగా చూశాయి. అయితే ఒప్పందంతో వచ్చిన హక్కు ఎంత బలహీనమైనదో మూడేళ్ళలోనే తేలింది. ఓవర్‌సైట్ కార్యాలయం సొంతంగా విచారణ చేస్తోందని యూనియన్, ఒప్పందం ఉల్లంఘనల మీద తీర్పు చెప్పే మధ్యవర్తి దగ్గర ఫిర్యాదు పెట్టింది. కార్యాలయం ఒప్పందం దాటి వెళ్ళిందని 2021 డిసెంబరులో మధ్యవర్తి తేల్చాడు. ఫిర్యాదు వస్తే అవతలి మనిషిని నాలుగు ప్రశ్నలు అడిగి వివరం రాసుకోవడం కూడా విచారణ కిందికే వస్తుందన్న వాదనకు ఆ తీర్పు బలమిచ్చింది. కార్యాలయం మిగిలింది గానీ దాని చేతులు కట్టేసినట్టయింది. ఒప్పందంలోని ఒక్క పదానికి మధ్యవర్తి చెప్పిన అర్థంతో నగర ప్రజల హక్కు కుంచించుకుపోయింది.

బలం ఎటు మారింది

2017లో బేరం వదిలి లేచిపోతే నగరానికి తక్కువ ఖర్చుతో మెరుగైన ఒప్పందం దొరికింది. 2023లోనూ నగరం అలాగే లేచింది. ఈసారి ఏడాదిన్నర తర్వాత దాదాపు రెట్టింపు పెంపుతో తిరిగి వచ్చి కూర్చుంది. తేడా ఎక్కడ వచ్చిందన్నది ఆస్టిన్ ఉదంతంలో అన్నిటికన్నా లోతుగా చూడాల్సిన విషయం.

మధ్యలో 2020 వచ్చింది. ఆ వసంతంలో ఆస్టిన్ పోలీసుల కాల్పుల్లో ఒక నిరాయుధుడు చనిపోయాడు. మే నెలలో మిన్నియాపొలిస్‌లో పోలీసు చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ మరణం. ఆస్టిన్ వీధుల్లోకి వచ్చిన నిరసనకారుల మీద పోలీసులు బీన్‌బ్యాగ్ గుళ్ళు (చిన్న గుడ్డ సంచుల్లో సీసపు గుళ్ళు నింపినవి) పేల్చారు. కొందరి తలలు పగిలాయి. వాళ్ళలో ఇద్దరికే 2022లో నగరం మొత్తం కోటి డాలర్ల పరిహారం చెల్లించింది. 2020 ఆగస్టులో కౌన్సిల్ దాదాపు 43.4 కోట్ల డాలర్ల పోలీసు బడ్జెట్‌లోంచి 15 కోట్ల డాలర్లను తీసేయడానికో, వేరే శాఖలకు మార్చడానికో తీర్మానించింది. నిజానికి వెంటనే కోసింది అందులో కొద్ది భాగమే, మిగతాది శాఖల మార్పిడి. కానీ కొత్త పోలీసుల శిక్షణ తరగతులు ఆగిపోయాయి. తర్వాతి ఏళ్ళలో నగరాన్ని వెంటాడింది బడ్జెట్ అంకె కాదు, ఆగిపోయిన ఆ తరగతులే.

రాష్ట్ర శాసనసభ ఊరుకోలేదు. పోలీసు బడ్జెట్ తగ్గించే పెద్ద నగరాలను శిక్షించే చట్టం 2021లో తెచ్చింది. ఆస్టిన్ తన బడ్జెట్‌ను వెంటనే 44 కోట్ల డాలర్ల పైకి చేర్చాల్సి వచ్చింది. డబ్బు వెనక్కి వచ్చింది గానీ మనుషులు రాలేదు. పదవీ విరమణలు పెరిగాయి, కొత్తవాళ్ళు సరిపడా చేరలేదు, ఖాళీలు మూడు వందలు దాటాయి. అత్యవసర నంబరు 911కి ఫోన్ చేస్తే పోలీసు ఎంతసేపటికి వస్తాడన్నది ఇంటింటి మాటయింది.

2022 సెప్టెంబరుతో 2018 నాటి ఒప్పందం ముగిసి, ఆరు నెలలు పొడిగింపు దొరికింది. ఈలోగా ఈక్విటీ యాక్షన్ అనే పౌర సంఘం ఓటర్ల సంతకాలు సేకరించి, పర్యవేక్షణను ఒప్పందం చేతిలోంచి తీసి నగర చట్టంలో పెట్టే ప్రతిపాదన తయారు చేసింది. 2023 మే నెలలో దాని మీద ఓటింగు. ఓటుకు మూడు నెలల ముందు, అప్పటి సిటీ మేనేజర్ (కౌన్సిల్ నియమించే నగర పాలనాధికారి) స్పెన్సర్ క్రాంక్ యూనియన్‌తో నాలుగేళ్ళ ఒప్పందం కుదుర్చుకొచ్చాడు. అందులో జీతాల పెంపు 14 శాతం. ప్రజలు ఓటు వేయకముందే పర్యవేక్షణ నిబంధనల్ని నాలుగేళ్ళకు బిగించేస్తే ఆ ఓటుకు విలువేమిటన్నది కౌన్సిల్‌లో ఎక్కువమంది అడిగిన ప్రశ్న. ఫిబ్రవరిలో 9-2 ఓట్లతో నాలుగేళ్ళది కాదు, ఏడాది ఒప్పందం తెమ్మని ఆదేశించారు. ఏడాదికి యూనియన్ ససేమిరా అంది. అదే నెలలో, మంచు తుపానులో రోజుల తరబడి కరెంటు లేక నగరం అల్లాడిన తీరుకు బాధ్యుణ్ణి చేస్తూ క్రాంక్‌ను పదవి నుంచి తీసేశారు.

మార్చి 31న ఒప్పందం ముగిసింది. ఈసారి కౌన్సిల్ ముందు జాగ్రత్త పడి, ఉన్న జీతాలు, భత్యాలు తగ్గకుండా ఆర్డినెన్సు చేసింది. సరిగ్గా అదే సమయానికి మేయర్ కిర్క్ వాట్సన్ చొరవతో రాష్ట్ర పోలీసులు ఆస్టిన్ వీధుల్లో గస్తీకి దిగారు. ఒక నగరం తన పోలీసులు చాలక రాష్ట్ర బలగాలను పిలుచుకున్న ఆ దృశ్యం యూనియన్ బలాన్ని పెంచిందే గానీ తగ్గించలేదు. మా మనుషులు చాలకపోతే మీకు గతి లేదన్నది బల్ల దగ్గర చెప్పకుండానే తెలిసిపోయింది.

మే 6న బ్యాలెట్ మీద రెండు ప్రతిపాదనలు కనిపించాయి. రెంటి పేరూ ఒకటే, ఆస్టిన్ పోలీస్ ఓవర్‌సైట్ యాక్ట్. మొదటిది, ప్రాప్ ఏ, ఈక్విటీ యాక్షన్ తెచ్చింది. రెండోది, ప్రాప్ బీ, పోలీసు యూనియన్ మద్దతుతో వచ్చింది. అదే పేరుతో పర్యవేక్షణను పలుచన చేసే ప్రతిపాదన అది. సంతకాల సేకరణలోనే జనాన్ని తికమక పెట్టారని ఫిర్యాదులు వచ్చాయి. యూనియన్ తన సభ్యుల జీతాల కోసం ఎంత గట్టిగానైనా పోరాడవచ్చు. ఓటర్లు తేడా కనిపెట్టలేరన్న ఆశతో పేరు అరువు తెచ్చుకోవడం మాత్రం పోరాటం కాదు, మోసం. ఓటర్లు తేడా కనిపెట్టారు. ప్రాప్ ఏకు దాదాపు 70 శాతం ఓట్లు పడ్డాయి. ప్రాప్ బీ చిత్తుగా ఓడింది. అయితే ఓటు వేసింది నమోదైన వాళ్ళలో పదో వంతు మందే. ఇంత పెద్ద మార్పుకు అంత సన్నని పునాది ఉండటం తర్వాత యూనియన్ వాదనకు పనికొచ్చింది.

ప్రాప్ ఏ జీ ఫైలును రద్దు చేయమంది. నగర యంత్రాంగం చేయలేదు. అది రాష్ట్ర చట్టంలో ఉన్న విషయమని, యూనియన్‌తో ఒప్పందం కుదిరితేనే వీలవుతుందని చెప్పుకుంటూ ఏడాదికి పైగా గడిపింది. ఓటర్లు చేసిన చట్టం మళ్ళీ బేరం బల్ల మీదికే చేరింది. ఈక్విటీ యాక్షన్ కోర్టుకు వెళ్ళింది. రాష్ట్ర చట్టం అలాంటి ఫైలు ‘పెట్టుకోవచ్చు’ అంది గానీ ‘పెట్టుకోవాలి’ అనలేదు, కాబట్టి వద్దనుకునే అధికారం నగరానికి ఎప్పుడూ ఉంది అన్నది వాళ్ళ వాదన. 2024 ఆగస్టు ఆఖరులో ట్రావిస్ కౌంటీ జిల్లా కోర్టు వాళ్ళ వైపే తీర్పు ఇచ్చింది. రెండు దశాబ్దాలుగా డబ్బిచ్చి కొంటున్న వస్తువు నిజానికి నగరం సొంతమేనని అలా తేలింది.

తీర్పు వచ్చిన రెండు నెలలకే ఒప్పందం కుదరడం యాదృచ్ఛికం అనిపించదు. జీ ఫైలు ఇక యూనియన్ చేతిలోని సరుకు కాదు. నగరం వైపు కొత్త సిటీ మేనేజర్ టి.సి. బ్రాడ్నాక్స్, కొత్త పోలీస్ చీఫ్ లీసా డేవిస్ వచ్చారు. యూనియన్ అధ్యక్షుడిగా మైకేల్ బులక్ ఉన్నాడు. పాత పంతాలు లేని మనుషులు కూర్చున్నారు. ఒప్పందం ఇక మీదట జీ ఫైలు ఉండదని రాసింది, అజ్ఞాత ఫిర్యాదులను నిలిపింది, 180 రోజుల గడువును సడలించింది. పర్యవేక్షణ విషయంలో 2017లో ఊహకు కూడా అందని స్థితికి నగరం వచ్చింది. ఆ ఫలితం తెచ్చింది నగరం తరఫు బేరగాళ్ళు కాదు. సంతకాలు సేకరించిన వాళ్ళు, ఓటు వేసిన వాళ్ళు, కోర్టుకెక్కిన వాళ్ళు తెచ్చారు.

మరి అయిదేళ్ళకు కలిపి 28 శాతం జీతాల పెంపు దేనికి? ఖాళీలకు. 2023 ఫిబ్రవరిలో నాలుగేళ్ళకు 14 శాతం సరిపోయిన చోట 2024 అక్టోబరుకు అయిదేళ్ళకు 28 కావాల్సి వచ్చింది. పర్యవేక్షణను బేరంలోంచి బయటికి తీసినంత మాత్రాన యూనియన్ బలం తగ్గదని ఇక్కడ తెలుస్తుంది. పోలీసుల కొరత ఉన్నంత కాలం, చుట్టుపక్కల ఊళ్ళన్నీ అదే మనుషుల కోసం పోటీ పడుతున్నంత కాలం, బేరం వాళ్ళ వైపే మొగ్గుతుంది. ఆ కొరతలో కొంత భాగం 2020లో శిక్షణ తరగతులు ఆపేసిన నిర్ణయంతో నగరం తనకు తానుగా తెచ్చుకున్నదే. సంస్కరణ కోరేవాళ్ళు ఈ సంగతిని దాటవేస్తే వాళ్ళ వాదనే బలహీనపడుతుంది.

డబ్బు లెక్క

28 శాతం అన్నది కూడిక. జీతం మీద జీతం పెరుగుతుంది కాబట్టి వరసగా 8, 6, 5, 5, 4 శాతాలను గుణిస్తే అయిదో ఏడు చివరికి మూల వేతనం 31 శాతం పైగా పెరిగి ఉంటుంది. దీన్ని నగరం రాబడి పక్కన పెట్టి చూడాలి. 2019లో వచ్చిన రాష్ట్ర చట్టం ప్రకారం, కొత్త నిర్మాణాలను పక్కన పెడితే, నగరం తన ఆస్తి పన్ను రాబడిని ఏడాదికి 3.5 శాతానికి మించి పెంచుకోవాలంటే ఓటర్లను అడగాలి. ఏటా ఆ 3.5 శాతాన్ని పూర్తిగా వాడుకున్నా అయిదేళ్ళకు వచ్చేది 19 శాతం లోపే. నగర సాధారణ నిధిలో దాదాపు మూడో వంతు పోలీసు శాఖదే. అంత పెద్ద పద్దులో మూల వేతనాలు 31 శాతం పెరుగుతుంటే, దాన్ని మోసే పన్ను 19 శాతమే పెరిగితే, మిగతా తేడా ఎక్కడి నుంచో రావాలి. గ్రంథాలయాలు, పార్కులు, ఈత కొలనులు, ఇల్లు లేని వాళ్ళకు చేసే సాయం, ఆరోగ్య కేంద్రాలు, ఇవే ఆ ‘ఎక్కడి నుంచో’. పైగా అగ్నిమాపక సంఘం, అంబులెన్సు సిబ్బంది సంఘం తమ వంతు బేరానికి వచ్చినప్పుడు పోలీసుల శాతాన్నే ముందు పెట్టుకుని మాట్లాడతాయి.

ఈ చిక్కు బయటపడటానికి ఏడాది చాలింది. 2025 నవంబరులో నగరం సుమారు 11 కోట్ల డాలర్ల అదనపు రాబడి కోసం పన్ను రేటు పెంచుకుంటామని ప్రాప్ క్యూ పేరుతో ఓటర్లను అడిగింది. మూడింట రెండు వంతులకు దగ్గరగా వద్దన్నారు. కోతలు మొదలయ్యాయి. లోటుకు పోలీసు ఒప్పందం ఒక్కటే కారణమనడం సరికాదు. కరోనా కాలపు కేంద్ర నిధులు అయిపోయాయి, అమ్మకపు పన్ను రాబడి మందగించింది. అయినా అయిదేళ్ళ పాటు కదపడానికి వీల్లేని పెద్ద పద్దు ఒకటి ఉన్నప్పుడు కోత భారం కదపగలిగిన చిన్న పద్దుల మీదే పడుతుంది. 2024 అక్టోబరులో కౌన్సిల్ ముందు ఒప్పందాన్ని వ్యతిరేకించిన వాళ్ళలో పలువురు చెప్పింది ఈ మాటే.

ఆస్టిన్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలకు ఇది దూరపు సంగతి కాదు. రౌండ్ రాక్, సీడర్ పార్క్, లియాండర్‌లలో ఉండేవాళ్ళకు ఆ ఊళ్ళ సొంత పోలీసు శాఖలున్నాయి. ఏవరీ రాంచ్ లాంటి వాయవ్య ప్రాంతాల్లో చాలా భాగం విలియమ్సన్ కౌంటీలో ఉన్నా నగర పరిధి మాత్రం ఆస్టిన్‌దే. అక్కడ ఇల్లు కొన్న వాళ్ళ ఆస్తి పన్ను బిల్లులో ఈ ఒప్పందం ఖర్చు ఉంది. పౌరసత్వం వచ్చిన వాళ్ళకు ఓటు ఉంది, రానివాళ్ళకు కౌన్సిల్ ముందు మాట్లాడే హక్కు ఉంది. పదో వంతు ఓటర్లతో తేలిన ఎన్నికలో ఒక పేట మొత్తం కదిలితే ఫలితం మీద దాని ముద్ర కనిపిస్తుంది.

అదే వారం, తెలంగాణలో

ఆస్టిన్ కౌన్సిల్ ఓటేసిన అదే వారంలో తెలంగాణ ప్రత్యేక పోలీసు బెటాలియన్ల కానిస్టేబుళ్ళ భార్యలు పిల్లల్ని ఎత్తుకుని రోడ్ల మీద కూర్చున్నారు. తరచూ ఊరు మారే డ్యూటీలు ఆపాలని, రాష్ట్రమంతా ఒకే పోలీసు విధానం తేవాలని అడిగారు. తర్వాత కానిస్టేబుళ్ళే బెటాలియన్లలో నిరసనకు దిగారు. అక్టోబరు 26న 39 మందిని సస్పెండ్ చేశారు. మర్నాడు పది మందిని ఉద్యోగం నుంచి తొలగించారు.

భారత రాజ్యాంగంలోని 33వ అధికరణం సాయుధ బలగాలతో పాటు పోలీసుల ప్రాథమిక హక్కులకూ పరిమితులు పెట్టే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చింది. 1966లో వచ్చిన పోలీసు బలగాల హక్కుల పరిమితి చట్టం ప్రకారం అనుమతి లేకుండా పోలీసులు ఏ కార్మిక సంఘంలోనూ చేరకూడదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పోలీసు అధికారుల సంఘాలున్నాయి. అవి వినతిపత్రం ఇవ్వగలవు, ముఖ్యమంత్రిని కలవగలవు. ఎదురుగా కూర్చుని బేరమాడలేవు. జీతం పీఆర్సీ వచ్చినప్పుడు మిగతా ఉద్యోగులతో పాటు పెరుగుతుంది. ఇక పోలీసుల మీద ఫిర్యాదులు వినే స్వతంత్ర వ్యవస్థ ప్రతి రాష్ట్రంలో, ప్రతి జిల్లాలో పెట్టాలని ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006లోనే ఆదేశించింది. దాన్ని అమలు చేయడంలో రాష్ట్రాలు ఏళ్ళు గడిపేశాయి.

కానిస్టేబుల్‌కు నోరు లేకపోవడం వల్ల పౌరుడికి నోరు రాలేదన్నది ఇక్కడ గమనించాలి. పోలీసు యూనియన్లు బలంగా ఉండటమే జవాబుదారీతనానికి అడ్డమని అమెరికాలో కొందరు సంస్కర్తలు అంటుంటారు. యూనియనే లేని చోట ఏం జరుగుతుందో మన దగ్గర కనిపిస్తూనే ఉంది. పోలీసు కష్టమూ బయటికి రాదు, పోలీసు తప్పూ బయటికి రాదు. రెండూ ఒకే తలుపు వెనక ఉంటాయి. అందుకే టెక్సస్‌లోనే శాన్ ఆంటోనియోలో 2021 మేలో జరిగిన ఓటు ఆలోచింపజేస్తుంది. అక్కడి కార్యకర్తలు యూనియన్ బేరహక్కునే పూర్తిగా రద్దు చేయమని ఓటర్లను అడిగారు. రెండు శాతం తేడాతో ఓడిపోయారు. తర్వాతి ఏడాది కుదిరిన ఒప్పందంలో, చీఫ్ ఇచ్చిన తొలగింపు ఉత్తర్వును మధ్యవర్తి సులువుగా తిప్పేయకుండా కట్టుదిట్టం చేసుకున్నారు. హక్కును తీసేయకుండానే, ఆ హక్కు ఎక్కడి దాకా వెళ్ళాలో గీత గీశారు.

పోలీసుల వైపు నుంచి వినవలసిన మాట కూడా ఉంది. నిరూపణ కాని ఆరోపణలన్నీ బయటపెడితే, కక్షతో పెట్టిన ఫిర్యాదు కూడా ఒక మనిషి పేరుకు జీవితాంతం అంటుకుంటుందని వాళ్ళంటారు. ఆ భయం అబద్ధం కాదు. దానికి మందు ఫైలు మూసేయడం కాదు, విచారణ త్వరగా, నిజాయితీగా పూర్తి చేసి, తప్పు లేదని తేలితే ఆ మాట కూడా అంతే స్పష్టంగా రాయడం. అజ్ఞాత ఫిర్యాదు తలుపు తెరిచిన నగరానికి ఈ బాధ్యత రెట్టింపు ఉంటుంది. దానికి సరిపడా సిబ్బందిని ఓవర్‌సైట్ కార్యాలయంలో పెట్టాలి. లోటు బడ్జెట్‌లో మొదట కోత పడే చిన్న పద్దుల్లో ఆ కార్యాలయం చేరకుండా కౌన్సిల్ కాపాడుతుందా లేదా అన్నది ఇక ముందు ప్రతి ఏటి బడ్జెట్‌లోనూ చూడాల్సిన అంకె.

ఈ ఒప్పందం 2029 సెప్టెంబరులో ముగుస్తుంది. అప్పుడు బల్ల దగ్గరికి వచ్చేవాళ్ళ ముందు 2018లో లేనిది ఒకటి ఉంటుంది. ఒప్పందం మురిగిపోయినా ప్రాప్ ఏ నగర చట్టంగా మిగిలే ఉంటుంది, జీ ఫైలు వద్దనుకునే అధికారం నగరానిదేనన్న కోర్టు తీర్పు ఉంటుంది. వాటిని రాష్ట్ర శాసనసభ కొత్త చట్టంతో తుడిచేయవచ్చు. 2021లో బడ్జెట్ విషయంలో చేసింది అదే. కాబట్టి ఆస్టిన్‌లో వెనక కుర్చీల్లో కూర్చుని నోట్సు రాసుకున్న వాళ్ళు ఇకపై అదే నగరంలో, కౌన్సిల్ భవనానికి కొద్ది వీధుల దూరంలో ఉన్న శాసనసభ గ్యాలరీలో కూడా కూర్చోవలసి ఉంటుంది.